ఎండ్యూరెన్స్ కెప్టెన్ ఫ్రాంక్ వర్స్‌లీ: నాలుగుసార్లే కనిపించిన సూర్యుడితో దారి ఎలా పట్టాడు?

నీలిగెరటం (హైదరాబాద్):

అందరికీ నమస్కారం. అంటార్కిటికా మాట వచ్చినప్పుడల్లా మనం ఎండ్యూరెన్స్ యాత్ర నాయకుడు షాకిల్టన్ దగ్గరే ఆగిపోతాం. మా ఆఫీసు ట్రైనింగుల్లో కూడా లీడర్‌షిప్ అనగానే తెర మీద ఆయన ఫొటోనే వస్తుంది. ఆయన్ని తక్కువ చేయాలని కాదు. కానీ రెండు నెలలుగా ఆయన ఓడ కెప్టెన్ ఫ్రాంక్ వర్స్‌లీ రాసిన పుస్తకాలు చదువుతున్నాను. చదివేకొద్దీ, ఈ మనిషి లెక్క తప్పి ఉంటే షాకిల్టన్ కథ చెప్పుకోవడానికి ఎవరూ మిగిలేవారు కాదనిపిస్తోంది.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 1914 డిసెంబరు 5న ఎండ్యూరెన్స్ ఓడ దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి నుంచి బయల్దేరింది. జనవరిలో అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్రంలో ఓడ చుట్టూ మంచు బిగుసుకుంది. 1915 అక్టోబరు 27న ఓడను వదిలేశారు, నవంబరు 21న అది మునిగిపోయింది. 28 మంది మంచు పలకల మీద నెలల తరబడి ఉండి, 1916 ఏప్రిల్లో మూడు చిన్న పడవల్లో ఎలిఫెంట్ ఐలాండ్ చేరారు. అది మనుషులెవరూ లేని రాతిదిబ్బ, అటుగా ఏ ఓడా రాదు. అప్పుడు ఆరుగురు, ఇరవై రెండున్నర అడుగుల జేమ్స్ కైర్డ్ అనే పడవలో, దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలోని సౌత్ జార్జియాకు బయల్దేరారు. షాకిల్టన్, వర్స్‌లీ, టామ్ క్రీన్, మెక్‌నిష్, విన్సెంట్, మెకార్తీ.

ఏప్రిల్ 24న బయల్దేరి మే 10న ఒడ్డెక్కారు. ఆ మధ్యలో వర్స్‌లీకి సూర్యుణ్ణి కొలిచే వీలు దొరికింది నాలుగే నాలుగుసార్లు! ఆ దీవి పొడవు 170 కిలోమీటర్లకు మించదు. తప్పిపోతే ముందున్నదంతా అట్లాంటిక్ మహాసముద్రమే.

ఇది ఎలా సాధ్యమైంది? సముద్రం మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, నాలాంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

డెక్ ఆఫీసర్ (కాకినాడ, ప్రస్తుతం ఓడ మీద):

మేడమ్, ఈ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం. నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్ని. మా ఓడలో నావిగేషన్ నా పనే. ఇవాళ జీపీఎస్ అన్నీ చూసుకుంటుంది కానీ సెక్స్టెంట్ మాత్రం ఇప్పటికీ నేర్చుకుంటాం, వాడుతుంటాం.

అది చేసే పని ఒక్కటే, సూర్యుడు దిగంతానికి ఎంత కోణం ఎత్తులో ఉన్నాడో కొలవడం. అద్దంలో సూర్యుణ్ణి కిందికి దింపి, అంచు సముద్రపు గీతకు సరిగ్గా తగిలేలా పెట్టాలి. తగిలిన ఆ క్షణానికి టైము సెకన్లతో సహా రాసుకోవాలి. క్యాడెట్‌గా ఉన్నప్పుడు మొదటిసారి తీస్తే నా లెక్కలో మా ఓడ ఎక్కడో భూమ్మీద తేలింది. అప్పుడు సముద్రం ప్రశాంతంగానే ఉంది, నేను నిలబడ్డ చోటు నీటికి ఇరవై మీటర్ల పైన ఉంది.

ఇప్పుడు వర్స్‌లీ ఎలా తీశాడో చూడండి. పడవ లోపల, కాన్వాస్ గుడ్డ కింద షాకిల్టన్ క్రోనోమీటరు (ఓడల్లో వాడే కచ్చితమైన గడియారం), పెన్సిలు, పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. వర్స్‌లీ సెక్స్టెంట్‌ను నీళ్లు తగలకుండా గుండెకు అదుముకుని బయటికొచ్చి, అడ్డచెక్క మీద మోకాళ్లూనుతాడు. సముద్రంలో పడిపోకుండా చెరో పక్కనా ఒక్కో మనిషి పట్టుకుంటారు. పడవ కెరటం నెత్తికి ఎక్కినప్పుడే దిగంతం కనబడుతుంది, అదీ లిప్తకాలం. ఆ క్షణంలోనే సూర్యుణ్ణి దింపి, ఆపమని అరవాలి. షాకిల్టన్ టైము రాసుకుంటాడు. పడవ మళ్లీ లోయలోకి జారిపోతుంది.

పైగా కనబడేది నిజమైన దిగంతమా, దూరంగా ఉన్న ఇంకో కెరటం నెత్తా అన్నది కూడా ఆ లిప్తలోనే తేల్చుకోవాలి. నేనైతే చేయలేను, నిజంగా చెబుతున్నాను.

లెక్కల మాస్టారు (హనుమకొండ):

ఆఫీసర్ గారు కొలత చెప్పారు. లెక్క సంగతి నేను చెబుతాను.

మధ్యాహ్నం సూర్యుడు అన్నిటికంటే ఎత్తుకు చేరినప్పుడు తీసిన కొలత అక్షాంశాన్ని ఇస్తుంది. ఇది తేలిక. మే మొదటివారంలో సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 17 డిగ్రీల మీద ఉంటాడు. సౌత్ జార్జియా దక్షిణంగా 54 డిగ్రీల మీద ఉంది. 54, 17 కలిపి 90లోంచి తీసేస్తే 19. అంటే మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మనకు సాయంత్రం కనిపించేంత కిందన్నమాట. కోణంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు తప్పితే, ఒక నాటికల్ మైలు తేడా వస్తుంది. 1.85 కిలోమీటర్లు.

రేఖాంశం అంత తేలిక కాదు. దానికి రేఖాంశాల లెక్క మొదలయ్యే గ్రీన్విచ్‌లో ఇప్పుడు సరిగ్గా టైమెంతో తెలియాలి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, గడియారం ఒక్క నిమిషం తప్పితే 15 కోణ నిమిషాలు తప్పినట్టే. 54 డిగ్రీల అక్షాంశం దగ్గర అది దాదాపు 16 కిలోమీటర్లు. ఎండ్యూరెన్స్ 24 క్రోనోమీటర్లతో బయల్దేరింది. ఈ పడవ ఎక్కేనాటికి సరిగా నడుస్తున్నది ఒక్కటే మిగిలింది.

ఇక కాగితం పని. మా తరం ఇంటర్మీడియట్‌లో లాగ్ టేబుల్స్ తిరగేసి గుణకారాలు చేసింది. ఫ్యాను కింద, బల్ల మీద కూర్చుని చేస్తేనే వరస తప్పి పక్క అంకె తీసుకునేవాళ్లం. వర్స్‌లీ పుస్తకాలు తడిసి పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, తియ్యబోతే చిరిగిపోయేవి. వేళ్లు మొద్దుబారిపోయి, పడవ ఊగుతుంటే తను రాసుకున్న అంకెలే తనకు కనబడక, ఆ గోళ త్రికోణమితి అంతా చేశాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. దీన్ని తలచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

రెండోవైపు (విజయవాడ):

అందరూ గొప్పగా రాస్తున్నారు, నాకూ ఆయనంటే గౌరవమే. కానీ ఒక సందేహం అడగాలి. పదహారు రోజుల్లో నాలుగు కొలతలు. అవీ కెరటాల మీద అంచనాతో తీసినవి. మిగతా రోజులన్నీ మబ్బు. పైగా అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకే వీస్తుంది, దీవి కూడా ఆ వైపే ఉంది. అలాంటప్పుడు ఇందులో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత? ఇలాగే బయల్దేరి చేరలేకపోయినవాళ్ల కథలు మనదాకా రావు కదా.

డెక్ ఆఫీసర్:

అన్నా, మంచి ప్రశ్న. అదృష్టం లేదని నేను అనను. కానీ మధ్యలో రోజులు ఖాళీగా లేవు. సూర్యుడు కనబడనప్పుడు చేసేదాన్ని డెడ్ రెకనింగ్ అంటారు. నిన్న ఉన్న చోటు నుంచి ఏ దిక్కుకి, ఎంత వేగంతో, ఎన్ని గంటలు వెళ్లాం, గాలి ఎంత పక్కకు తోసింది, ప్రవాహం ఎంత లాగింది. ఇవన్నీ లెక్కేసి ఇవాళ్టి చోటు రాసుకోవాలి. రాత్రుళ్లు దిక్సూచి చూడటానికి దీపం లేదు. అగ్గిపుల్లలు పొదుపుగా వాడాలి. ఎప్పుడో ఒకసారి ఒక పుల్ల గీసి ముల్లు చూసుకుని, మిగతా టైమంతా గాలి ఏ వైపు నుంచి తగులుతోందో దాన్ని బట్టి చుక్కాని పట్టారు. అలాంటి పట్టుదల ఉంది కాబట్టే నాలుగు కొలతలు సరిపోయాయి.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది, బయల్దేరిన రోజునే ఎలిఫెంట్ ఐలాండ్‌లో ఎండ వచ్చింది. ఆ దీవి రేఖాంశం తెలుసు కాబట్టి, అక్కడి నుంచి సూర్యుణ్ణి కొలిచి తన క్రోనోమీటరు ఎంత తప్పుతోందో సరిచూసుకున్నాకే పడవెక్కాడు. గడియారాన్ని గుడ్డిగా నమ్మి వెళ్లలేదు.

రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది. దీవి దగ్గర పడుతున్నప్పుడు, మనం ఉన్న చోటు పది మైళ్ల లోపు కచ్చితంగా చెప్పలేనని షాకిల్టన్‌తో నేరుగా అన్నాడు. తిమింగలాల వేట స్టేషన్లు, మనుషులు ఉన్నదంతా దీవి అవతలి ఒడ్డున. నేరుగా అక్కడికే వెళ్లాలంటే దీవి ఉత్తరపు కొసను చుట్టాలి. పది మైళ్లు తప్పితే కొస దాటిపోతారు. ఆ గాలికి ఎదురు వెనక్కి రావడం ఆ పడవ వల్ల కాదు. అందుకే మనుషులు లేని పడమటి ఒడ్డుకే గురి పెట్టారు, అటు తప్పినా ఇటు తప్పినా దీవి తగిలేలా. తన లెక్క ఎంతవరకు నమ్మొచ్చో తెలిసి, దాన్ని పైవాడికి దాచకుండా చెప్పినవాణ్ణే మా వృత్తిలో మంచి నావిగేటర్ అంటాం.

ఉప్పాడ తీరం:

నేను చదువుకుని బ్యాంకులో చేరాను కానీ మాది వేటకెళ్లే కుటుంబం. ఆఫీసర్ గారు గాలిని బట్టి చుక్కాని పట్టడం గురించి రాస్తే మా నాన్నే గుర్తొచ్చారు.

జీపీఎస్ డబ్బాలు వచ్చాక కూడా మా నాన్న దాన్ని ఒక కంట, నీళ్లను ఒక కంట చూసేవారు. ఒకసారి వానాకాలంలో, కొన్న ఏడాదికే ఆ డబ్బా సముద్రం మధ్యలో ఆగిపోయింది. చుట్టూ వాన, ఒడ్డు జాడే లేదు. నాన్న తాడుకి బరువు కట్టి లోతు చూశారు. కాసేపటికి నీళ్లు ఎర్రబడటం కనిపించింది. గోదావరి వరద నీరు సముద్రంలోకి వచ్చి కలిసే రోజులవి. ఆ రంగు ఎటు చిక్కబడుతోందో చూసుకుంటూ తెల్లారేసరికి బోటును ఒడ్డుకు చేర్చారు. అమ్మ ఆ రాత్రంతా ఇసుకలోనే కూర్చుంది.

వర్స్‌లీ వాళ్లు కూడా అలాంటివే చూసుకున్నారట కదా. మే 8 పొద్దున నీళ్లలో కెల్ప్ అనే సముద్రపు నాచు కొట్టుకొచ్చింది, దాని మీద రెండు నీటికాకులు కూర్చుని ఉన్నాయి. ఆ పక్షులు ఒడ్డు వదిలి ఎక్కువ దూరం పోవు. వాటిని చూడగానే నేల దగ్గరికి వచ్చేశామని వాళ్లకు తెలిసిపోయింది. మధ్యాహ్నం మెకార్తీకి కొండ కనబడింది. అప్పటికే మంచినీళ్లు అడుగంటాయి. ఒక పీపా బయల్దేరేటప్పుడే దెబ్బతిని అందులో ఉప్పునీళ్లు కలిశాయి. నీళ్ల మీద ఉండి దాహంతో అల్లాడటం ఎలా ఉంటుందో మా ఇళ్లలో అందరికీ తెలుసు.

రెండోవైపు:

ఉప్పాడ తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివి కాసేపు అలా ఉండిపోయాను. నా ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికింది.

మిగతా సగం మాత్రం వదలను. నేల కనబడ్డాక మే 9న తుపాను వచ్చి వాళ్లను కొండల మీదికి తోసింది. అదే తుపానులో బ్యూనస్ ఎయిరెస్ నుంచి వస్తున్న 500 టన్నుల స్టీమరు మునిగిపోయిందని తర్వాత తెలిసినట్టు వర్స్‌లీయే రాశాడు. ఆ రాత్రి ఏ లెక్కా పనిచేసి ఉండదు.

డెక్ ఆఫీసర్:

ఒప్పుకుంటానన్నా. ఆ రాత్రి పడవను కాపాడింది తెరచాప, చుక్కాని పట్టిన చేతులు, నీళ్లు తోడిన చేతులు, గాలి మారిన సమయం. దాన్ని నైపుణ్యం ఖాతాలో వెయ్యను.

థేమ్స్ ఒడ్డున (లండన్):

నేను డల్విచ్ కాలేజీలో ఆ పడవను చూశాను. అసలు పడవే, ఇప్పటికీ ఉంది. ఫొటోల్లో పెద్దదిగా అనిపిస్తుంది. పక్కన నిలబడితే గుండె జారింది. దాదాపు ఏడు మీటర్లు, మన ఆటోలు మూడు వరసగా పెడితే వాటికంటే పొట్టి. నా చెయ్యి అంచు మీద పెట్టినట్టు ఊహించుకుని, అక్కడి నుంచి కెరటం ఎంత ఎత్తు లేస్తుందో తలెత్తి చూసుకున్నాను.

మెక్‌నిష్‌ని మరిచిపోకండి. ఆయన వడ్రంగి. పడవ అంచులు ఎత్తుచేసింది ఆయనే. పెట్టెల మూతలు, స్లెడ్జ్ బద్దలు పరిచి, పైన కాన్వాస్ గుడ్డ కుట్టి కప్పు వేశారు. గుడ్డ గడ్డకట్టి చెక్కలా బిగుసుకుపోతే కొవ్వు పొయ్యి మీద కాచి మెత్తబరిచి కుట్టారు. సందులు పూడ్చడానికి దీపం వత్తి, బొమ్మలు వేసే రంగులు, సీల్ నెత్తురు వాడారు. అంత చేసిన మనిషికి, మంచు మీద ఒకసారి ఎదురు తిరిగాడని ధ్రువ యాత్రికులకిచ్చే పోలార్ మెడల్ ఇవ్వలేదు. ఆ కప్పు లేకపోతే వర్స్‌లీ సెక్స్టెంట్ పట్టుకునే చోటే ఉండేది కాదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

కోనసీమ నుంచి క్రైస్ట్‌చర్చ్:

నేనుండే చోటికి దగ్గర్లోనే వర్స్‌లీ పుట్టిన ఊరు, న్యూజిలాండ్‌లోని అకరోవా. 1872 ఫిబ్రవరి 22న అక్కడ పుట్టాడు. కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం, ఒడ్డున ఆయన విగ్రహం. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్లాను.

ఒక సంగతి ఎవరూ రాయలేదు. 1888లో, పదహారేళ్లైనా నిండినట్టున్నాయో లేదో, వైరోవా అనే తెరచాప ఓడలో చేరాడు. తర్వాత న్యూజిలాండ్ ప్రభుత్వ ఓడల్లో పనిచేసి, కౌంటెస్ ఆఫ్ రాన్‌ఫర్లీ అనే చిన్న ఓడకు కెప్టెన్ అయ్యాడు. కుక్ దీవులు, నియూయే వైపు తిరిగే ఓడ అది. పటంలో చుక్కలంత దీవుల్ని పసిఫిక్‌లో సూర్యుణ్ణీ నక్షత్రాల్నీ చూసుకుంటూ వెతికి పట్టుకోవడం ఆయనకు రోజువారీ పని. రేవు లేనిచోట చిన్న పడవల్ని కెరటాల మీదుగా ఒడ్డెక్కించడం కూడా అక్కడే అలవాటైంది. అందుకే జేమ్స్ కైర్డ్ ప్రయాణానికి ఆయన పదేళ్ల ముందు నుంచే తయారవుతున్నాడని నాకు అనిపిస్తుంది.

ఇంటర్ ఎంపీసీ:

అన్నయ్యలూ, అక్కయ్యలూ, ఒక చిన్న డౌట్. 2022లో ఎండ్యూరెన్స్ శిథిలం దొరికింది కదా. వర్స్‌లీ రాసిన చోటే దొరికిందా?

లెక్కల మాస్టారు:

మంచి ప్రశ్న నాయనా. 2022 మార్చి 5న, 3,008 మీటర్ల లోతున దొరికింది. వర్స్‌లీ రాసిపెట్టిన చోటికి దాదాపు నాలుగు మైళ్లు దక్షిణంగా ఉంది. మంచు ఎటు కొట్టుకుపోతే అటు కదులుతున్న పలక మీద నిలబడి, వందేళ్ల కిందటి గడియారంతో కట్టిన లెక్క అది.

దాని వెనక ఒక అందమైన పని ఉంది, అది నీ సిలబస్‌కి దగ్గరే. నెలల తరబడి మంచులో ఉంటే క్రోనోమీటర్లు ఎంత తప్పుతున్నాయో తెలియదు. పోల్చుకోవడానికి దగ్గర్లో తెలిసిన నేలా లేదు. అందుకని 1915 చలికాలం చీకట్లో వర్స్‌లీ, ఫిజిసిస్ట్ రెజినాల్డ్ జేమ్స్ కలిసి చంద్రుణ్ణి గడియారంగా వాడుకున్నారు. చంద్రుడు కదులుతూ ఒక్కో నక్షత్రాన్ని కప్పేస్తాడు. ఆ క్షణం గ్రీన్విచ్ టైములో ఎప్పుడో లెక్కకట్టొచ్చు. టెలిస్కోపులో నక్షత్రం ఠక్కున మాయమైనప్పుడు క్రోనోమీటరు ఎంత చూపిస్తోందో రాసుకుంటే, అది ఎంత తప్పుతోందో తేలిపోతుంది.

థేమ్స్ ఒడ్డున:

అదే మార్చి 5న, సరిగ్గా వందేళ్ల కిందట, 1922లో షాకిల్టన్‌ను సౌత్ జార్జియాలో పాతిపెట్టారు. ఆయన చివరి యాత్ర క్వెస్ట్ ఓడలో. ఆ ఓడలోనూ వర్స్‌లీ ఉన్నాడు.

నీలిగెరటం:

మీరందరూ రాసినవి రాత్రి మా అబ్బాయికి చదివి వినిపించాను. పదేళ్లవాడు. వాడికి అన్నిటికంటే నచ్చింది ఒడ్డెక్కాక జరిగిన సంగతి. అదీ రాస్తాను.

పడవ ఆగింది పడమటి ఒడ్డున, మనుషులున్నది అవతల. మధ్యలో అంతవరకు ఎవరూ దాటని మంచుకొండలు. విన్సెంట్, మెక్‌నిష్ నడవలేని స్థితిలో ఉన్నారు, వాళ్లకు తోడుగా మెకార్తీని ఉంచారు. మే 19 తెల్లవారుజామున షాకిల్టన్, వర్స్‌లీ, క్రీన్ బయల్దేరారు. జారకుండా బూట్ల అడుగున పడవలోంచి తీసిన మరమేకులు బిగించుకున్నారు. 50 అడుగుల తాడు, ఒక బాడిశ. 36 గంటలు నడిచి స్ట్రామ్‌నెస్ అనే తిమింగలాల వేట స్టేషన్ చేరారు. దారిలో పొద్దున ఏడింటికి స్టేషన్ కూత వినిపించింది. ఏడాదిన్నరగా వాళ్లు విన్న మొదటి బయటి ప్రపంచపు చప్పుడు అదే. స్టేషన్‌లో ఆడవాళ్లు ఉంటారేమోనని వర్స్‌లీ దాచుకున్న నాలుగు పిన్నీసులు తీసి చిరిగిన ప్యాంటు సర్దుకున్నాడు.

ఆ రాత్రే, నిద్రకు కూడా ఆగకుండా, సామ్సన్ అనే ఓడలో అవతలి ముగ్గుర్నీ తేవడానికి మళ్లీ వెళ్లింది వర్స్‌లీయే. స్నానం చేసి, గడ్డం గీసుకుని, కొత్త బట్టల్లో ఉన్నాడు. వాళ్లు గుర్తుపట్టలేదు. కెప్టెనే స్వయంగా వస్తాడనుకున్నామని గొణిగారట, ఎదురుగా నిలబడ్డది ఆయనేనని తెలియక! ఇక్కడ మావాడు నవ్వాడు, నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఎలిఫెంట్ ఐలాండ్‌లో ఉండిపోయిన 22 మంది కోసం మూడుసార్లు వెళ్లి మంచు అడ్డుపడి వెనక్కి వచ్చారు. నాలుగోసారి చిలీ దేశపు యెల్చో ఓడలో, లూయిస్ పార్డో సారథ్యంలో, ఆగస్టు 30న అందరినీ తెచ్చారు. వర్స్‌లీ ఆ నాలుగుసార్లూ వెళ్లాడు.

రెండోవైపు:

ఒక్క మాట చేర్చాలి. ఈ 28 మందీ బతికారు, నిజమే. కానీ అదే యాత్రలో ఖండం అవతల రాస్ సముద్రం వైపు పనిచేసిన పదిమంది బృందంలో ముగ్గురు చనిపోయారు. మెకింటాష్, హేవర్డ్, స్పెన్సర్ స్మిత్. వాళ్ల పేర్లు కూడా ఈ పేజీలో ఉండాలి.

కోనసీమ నుంచి క్రైస్ట్‌చర్చ్:

తప్పకుండా ఉండాలి, మంచిపని చేశారు.

తర్వాతి జీవితం కూడా రాసేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధంలో పీసీ 61 అనే ఓడతో 1917లో జర్మన్ జలాంతర్గామిని ఢీకొట్టి ముంచాడు, పతకం వచ్చింది. 1925లో ఆర్కిటిక్ వెళ్లాడు. అరవై దాటాక కోకోస్ దీవిలో నిధి వెతికే యాత్రకు కూడా వెళ్లాడు. రెండో యుద్ధం వచ్చేసరికి డెబ్బైకి దగ్గర్లో ఉన్నాడు. వయసు తక్కువ చెప్పి ఒక ఓడకు కెప్టెన్ అయ్యాడు, అసలు వయసు తెలిశాక దింపేశారు. 1943 ఫిబ్రవరి 1న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. అస్థికల్ని థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట కలిపారు.

డెక్ ఆఫీసర్:

మూడు రోజులుగా ఇది చదువుతూ ఉండబట్టలేక ఇవాళ డ్యూటీలో సెక్స్టెంట్ బయటికి తీశాను. హిందూ మహాసముద్రంలో ఉన్నాం, సముద్రం అద్దంలా ఉంది. మధ్యాహ్నం కొలత తీసి, కాలిక్యులేటర్ పక్కన పెట్టి, టేబుల్స్‌తోనే లెక్క చేశాను. జీపీఎస్‌తో పోల్చి చూస్తే అక్షాంశం రెండు మైళ్లు తేడా వచ్చింది.

మా క్యాడెట్ కుర్రాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. వాడి చేతికి సెక్స్టెంట్ ఇచ్చి, ఒంటికాలి మీద నిలబడి తియ్యమన్నాను. నలభై మైళ్లు తప్పాడు. రేపు మళ్లీ తీస్తానంటున్నాడు.